చేపలమ్మే గంగమ్మ వేషానికి నెల్లూరు యాస: మూడు వారాల్లో పాపకు ఎట్టా నేర్పాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. మీది హనుమకొండ. మీవారికి బదిలీ అయి జూన్‌లో నెల్లూరు వచ్చారు. పాప తొమ్మిదో తరగతి. స్కూల్ యాన్యువల్ డేకి పెన్న ఒడ్డు పల్లె కథతో సంగీత నాటకం వేస్తున్నారు. అందులో చేపలమ్మే గంగమ్మ వేషానికి మూడు వారాల్లో ఆడిషన్. రెండు పాటలు, పేజీన్నర డైలాగు. పాప గొంతు బాగుంటుందని మ్యూజిక్ మాస్టారే అన్నారు. కానీ క్లాసులో "ఏంది నా, బాగుండావా నా" అని చెప్పి చూపిస్తే పిల్లలందరూ పగలబడి నవ్వారు. అప్పట్నుంచి పాప ఆ కాగితమే ముట్టుకోవడం లేదు. ఏ వీడియోలు చూపించాలి, ఏ మాటలు బట్టీ పట్టించాలి అని అడిగారు.

వీడియోలు వద్దు. మాటల పట్టిక అంతకన్నా వద్దు. పాప నవ్వులపాలైంది యాస రాక కాదు, పట్టికలో మాటలు తెచ్చి అతికించడం వల్ల. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

నేను ఇరవై ఏడేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో తెలుగు చెప్పాను. ఏటా పిల్లల చేత నాటకాలు వేయించాను. పెళ్లికి ముందు నాటక పరిషత్తుల పోటీల్లో నేనూ వేషాలు కట్టాను. పుట్టింది కందుకూరు పక్కన పల్లెలో. నేను పుట్టినప్పుడు మా ఊరు నెల్లూరు జిల్లా. మూడో తరగతిలో ఉండగా, 1970లో, కొత్త జిల్లాలో కలిపారు. తర్వాత దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. రిటైరైన మరుసటేడు, 2022లో, మళ్లీ తెచ్చి నెల్లూరులో కలిపారు. ఇల్లు కదల్లేదు, మా అమ్మ మాటా మారలేదు. కాబట్టి జిల్లా పేరు చూసి యాస నేర్చుకోవాలనుకునే వాళ్లకు నేను ముందు చెప్పేది మా ఊరి సంగతే.

ఇప్పుడు మీ పాప దగ్గరికొద్దాం. మీ ఇంట్లో "ఏంది" అంటారు కదా? "యాడికి" కూడా అంటారు. ఆ రెండు మాటలూ మీ వైపూ ఉన్నాయి, మా వైపూ ఉన్నాయి. అయినా పాప నోట "ఏంది" వినగానే ఇక్కడి పిల్లలకు తేడా తెలిసిపోయింది. అంటే తేడా మాటలో లేదు. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊళ్లు తిరిగి వృత్తిపదాలు పోగు చేయించి, తెలుగు మాట్లాడే నేలను నాలుగు మండలాలుగా చూపించారు. అందులో మీ వరంగల్లు ఉత్తర మండలం. మా నెల్లూరు రాయలసీమతో కలిసి దక్షిణ మండలం. పాప ఈ కొసనుంచి ఆ కొసకు రావాలి, అదీ మూడు వారాల్లో. కాబట్టి ఎక్కువ చోట్ల అక్కరకొచ్చే తేడాను ముందు పట్టుకోవాలి.

నా లెక్కలో అది క్రియ చివర ఉంటుంది. మీ వైపు అక్కడ కురచ: ఉన్నరు, వచ్చినవ్, పోతున్నవ్, రాలే. మా వైపు సరిగ్గా అదే చోట దీర్ఘం: ఉండారు, వచ్చావు, పోతుండావు, రాలా. పాపకు పద్నాలుగేళ్లుగా అలవాటైన కురచ ఒక్క రోజులో పోదు. "పోతుండవ్" అని వస్తుంది. అందులో మాట మాదే, కొలత మీది. వినేవాళ్లకు నవ్వు తెప్పించేది అదే.

దీనికి చప్పట్లు మంచి మందు. "పో-తుం-డా-వు" అంటూ "డా" దగ్గర చెయ్యి చాచి, మళ్లీ దగ్గరికి తెచ్చి చప్పట్టు కొట్టమనండి. చెయ్యి ఎంతసేపు దూరంగా ఉందో నోరూ అంతసేపు తెరుచుకుని ఉండాలి. మొదట్లో అతిగా అనిపిస్తుంది, పరవాలేదు. నాలుగో రోజుకు చేతులు తీసేయొచ్చు.

రెండోది "ఉండా". ఉన్నాడు, ఉండాడు. ఉన్నాయి, ఉండాయి. ఉంది, ఉండాది. చూస్తున్నారు, చూస్తుండారు. వస్తున్నాను అనేది వస్తుండా అయిపోతుంది, చివరి "ను" రాలిపోతుంది. ఈ ఒక్క "ఉండా" నోట నిలబడితే సగం నెల్లూరు వచ్చినట్టే. దీన్ని స్క్రిప్టు పట్టుకుని నేర్పకండి. సాయంత్రం వంటింట్లో నిలబెట్టి కంటికి కనిపించిందల్లా చెప్పించండి: పాలు కాగుతుండాయి, నాయన బండి తుడుస్తుండాడు, పక్కింటోళ్ల కుక్క అరస్తా ఉండాది, నేను గమ్మున కూచోనుండా. పది నిమిషాలు చాలు. మా స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లకు ఒకసారి మధ్యాహ్న భోజనం వరసలో నిలబెట్టి ఇట్లాగే క్రికెట్ కామెంటరీలా చెప్పించాను. వరసంతా నవ్వింది కానీ ఆ పిల్లకు యాస కుదిరింది.

ఇక ఆ "నా" సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్లందరూ పడేది ఈ గుంటలోనే.

"నా" అంటే అన్నా. టీ కొట్టు కాడ, ఆటో కాడ, బస్టాండులో ఒకళ్లనొకళ్లు "ఏంనా", "రా నా", "పోదాం నా" అంటారు. సినిమాల్లో నెల్లూరోడు అనగానే ప్రతి మాట చివరా ఒక "నా" తగిలించారు కాబట్టి, నెల్లూరు యాస అంటే "నా" అని లోకం స్థిరపడిపోయింది. అయితే మీ గంగమ్మ ఎవరితో మాట్లాడుతోంది? గంప ముందు కూర్చుని, కొనడానికొచ్చిన ఆడవాళ్లతో. వాళ్లను "అమ్మా" అంటుంది, "అక్కా" అంటుంది. బాగా చనువున్నామెను "ఏమ్మే" అంటుంది. చిన్నపిల్లయితే "పాపా". బేరం తెగగొట్టే పెద్దాయన్ని "సామీ" అంటుంది, అందులో సగం మర్యాద, సగం ఎత్తిపొడుపు. ఎవరి గురించైనా చెప్పాల్సి వస్తే "ఆమె" కన్నా "ఆయమ్మ" అంటుంది. ఇన్ని ఉండగా "నా"తో పనేముంది? ఏ కుర్రాడో గంప ఎత్తడానికి సాయమొస్తే అప్పుడు "రవ్వంత చెయ్యెయ్యి నా" అంటుంది. పేజీన్నరలో ఒక్కసారి వస్తే అది బంగారం. ఇరవైసార్లు వస్తే నవ్వులాట.

పాపతో స్క్రిప్టు ముందేసుకుని ప్రతి వాక్యం పక్కనా పెన్సిల్‌తో ఎవరితో అంటోందో రాయించండి. ఆ మనిషికి ఏ పిలుపు తగునో మీరిద్దరూ తేల్చుకోండి. యాసలో మూడో వంతు ఈ పిలుపుల్లోనే ఉంటుంది. వరస తప్పితే ఉచ్చారణ ఎంత సరిగ్గా ఉన్నా పరాయిదనం బయటపడుతుంది.

"నెల్లూరోళ్లు సాగదీస్తారు" అనే మాట కూడా మీరు వినే ఉంటారు. నిజమే, కానీ అన్నిటినీ సాగదీయం. పిలుపును సాగదీస్తాం, ప్రశ్న చివరను సాగదీస్తాం. "ఏందమ్మాఆ" అని పిలుపు సాగుతుంది, ఆ వెంటనే "ఆడ నిలబడి చూస్తుండారు" అనేది గబగబా పరిగెత్తుతుంది. సాగడం, పరిగెత్తడం, మళ్లీ సాగడం. బయటివాళ్లు మొత్తం వాక్యాన్ని రబ్బరులా లాగుతారు, అప్పుడది నిద్రమత్తులో మాట్లాడినట్టుంటుంది.

ఈ తప్పు నాకెట్లా తెలుసంటే, నేనే చేశాను కాబట్టి. నాకు ఇరవయ్యేళ్లప్పుడు, కోస్తాలో ఒక ఊళ్లో పరిషత్తు పోటీలు. మా నాటకంలో నాది శ్రీకాకుళం వైపు నుంచి వలసొచ్చిన తల్లి వేషం. అప్పటికి నేను విజయవాడ దాటి అటు పోయిందే లేదు. ఎవరో ఇచ్చిన హాస్య నాటిక క్యాసెట్టు వినీ వినీ టేపు అరిగేలా నేర్చుకున్నాను. ప్రతి వాక్యంలో ఒక "ఏటి" వేశాను. బిడ్డ చనిపోయిన సీను అది. నేను "ఏటి" అన్న ప్రతిసారీ జనం నవ్వారు. ఏడుస్తూనే నాకు అర్థమైపోయింది, ఎక్కడో బెడిసికొట్టిందని. తర్వాత మేకప్ తుడుచుకుంటుంటే న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దావిడ వచ్చి, "ఏ ఊరామెను చూసి నేర్చుకున్నావమ్మా?" అని నెమ్మదిగా అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నేను మనిషిని చూసి నేర్చుకోలేదు, నవ్వించడానికి చేసిన గొంతును చూసి నేర్చుకున్నాను. నవ్వే తిరిగి వచ్చింది.

అందుకే వీడియోలు వద్దన్నది. పాపకు ఒక మనిషి కావాలి. ఒక్క మనిషి. నలుగురిని విని నాలుగూ కలిపితే ఏ ఊరిదీ కాని యాస తయారవుతుంది.

మీ ఇంటికి పాలు పోసే ఆమో, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్యో, మీరు చేపలు కొనే ఆమో, ఎవరైనా సరే. యాభై దాటిన మనిషైతే ఇంకా మంచిది. ట్రంకు రోడ్డు షాపుల్లో పనిచేసే కుర్ర పిల్లల మాట ఇప్పుడు సగం టీవీ తెలుగు, వాళ్లను చూసి నేర్చుకుంటే గంగమ్మ యాంకరమ్మ అయిపోతుంది. ముందే విషయం చెప్పి, ఫోన్లో రికార్డు చేసుకోవచ్చా అని అడగండి. ఎవరికీ పంపం, నేర్చుకున్నాక తీసేస్తాం అని చెప్పండి, చెప్పినట్టే చెయ్యండి. ఆమె పని మానుకుని కూర్చుంటే ఆ పూట కూలి లెక్కగట్టి ఇవ్వండి. ఫీజు తీసుకునే టీచరుకు ఇస్తాం కదా, ఇదీ అంతే.

ఒక్క మాట మాత్రం అనొద్దు: "నెల్లూరు యాసలో మాట్లాడమ్మా" అని. ఆ మాట వినగానే మనిషి బిగుసుకుపోయి పుస్తకంలో మాటలు మాట్లాడుతుంది, లేకపోతే ఆమే సినిమా నెల్లూరు చేసి చూపిస్తుంది. కథ అడగండి. నేనైతే వరద గురించి అడుగుతాను. 2021 నవంబరులో పెన్న పొంగి, కోవూరు వైపు ఊళ్లు మునిగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. ఆ రోజులు చూసినోళ్లు ఎవరైనా రెండో నిమిషానికల్లా ఫోన్ సంగతి మర్చిపోతారు. మా వీధిలో ఒకామె నాకట్లాగే చెప్పింది: "పిలకాయల్ని ఎత్తుకోని మిద్దెక్కినాం. రెండు రోజులు పొయ్యి రాజెయ్యలా." ఇందులో "పిలకాయలు" అనేది అందరికీ వినిపిస్తుంది. నేర్చుకునే పిల్లకు వినిపించాల్సింది "రాజెయ్యలా". రాజెయ్యలేదు కాదు, మీ వైపు వినిపించేలా చివర "లే" కాదు. దాని మీద ఎత్తు లేదు, ఏడుపు లేదు, మామూలుగా దింపేసింది. అంత కష్టాన్ని అంత మామూలుగా చెప్పడం కూడా ఆమె మాటలో భాగమే.

ఐదు నిమిషాల రికార్డింగ్ దొరికితే అందులోంచి ఒక్క నిమిషం ముక్క ఎంచుకోండి. పాప దాన్ని విన్నది విన్నట్టు కాగితం మీద రాయాలి, సరిదిద్దకుండా. "ఎక్కడ" అని రాస్తే మళ్లీ వినిపించండి; ఆమె అన్నది "యాడ". రాయడం అయ్యాక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆమె వెనకే అర క్షణం ఆలస్యంగా అదే మాట అనుకుంటూ పోవాలి, ఊపిరి ఎక్కడ తీసుకుంటే అక్కడే తీసుకుంటూ. నీడలా వెంటపడటమన్నమాట. రోజుకు పదిహేను నిమిషాలు. మొదటి వారమంతా ఇదే. స్క్రిప్టు బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. పాప ఎటూ ముట్టుకోవడం లేదన్నారు, అదీ ఒకందుకు మంచిదే.

గంగమ్మ ఏ ఊరిదో నాటకం చేయించే టీచర్‌ను ఒకసారి అడగండి. చాలామంది రాసేటప్పుడు అనుకోరు కూడా, అడిగితే ఆలోచిస్తారు. నెల్లూరు యాస అని ఒకటే లేదు. కావలి దాటి మా కందుకూరు వైపు వస్తే మాట ఒంగోలుకు దగ్గరవుతుంది. ఉదయగిరి కొండల వైపు పోతే కడప గాలి తగులుతుంది. దక్షిణంగా సూళ్లూరుపేట, తడ వైపు తమిళం పక్కనే ఉంటుంది. సముద్రం ఒడ్డున కొన్ని పాళేల్లో ఇంట్లో మాట్లాడేదే తమిళం కలిసిన మాట. ప్రకాశం సంగతి ఇంకా తమాషా. 1970లో ఆ జిల్లాను కట్టిందే మూడు జిల్లాల ముక్కలతో: ఒంగోలు వైపు గుంటూరు నుంచి, కందుకూరు వైపు నెల్లూరు నుంచి, మార్కాపురం వైపు కర్నూలు నుంచి. ఇప్పటికీ ఒంగోలు బస్టాండులో పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుంటే ఎవరు ఏ ముక్కోళ్లో చెప్పొచ్చు. స్కూలు నాటకానికి ఇంత సన్నగా అక్కర్లేదు. అయితే టీచర్ "మైపాడు అనుకో" అంటే పాప మనసులో ఒక ఊరు, ఒక ఇసుక, ఒక గంప వస్తాయి. అది సముద్రం ఒడ్డు ఊరు, నెల్లూరు నుంచి గంట కూడా పట్టదు, ఒక ఆదివారం పొద్దున్నే తీసుకుపోయి పడవలొచ్చే వేళకు నిలబెట్టండి. పాప ఏమీ మాట్లాడక్కర్లేదు. వింటే చాలు.

రెండో వారం స్క్రిప్టు తియ్యండి. మీరు పంపిన ముక్కలోంచి ఒకటి చేసి చూపిస్తాను. స్కూలు వాళ్లు రాసింది ఇది: "ఏమిటమ్మా, అక్కడ నిలబడి చూస్తున్నారు? రండి, చేపలు చాలా బాగున్నాయి. మీ పిల్లలకు కొంచెం పులుసు పెట్టండి."

మాటలు మార్చేసేవాళ్లు దీన్ని "ఏంది నా, ఆడ నిలబడి సూస్తుండారు నా, రాండి నా" అంటారు. అట్లా కాదు. "ఏందమ్మా, ఆడ నిలబడి చూస్తుండారు? రాండి. చేపలు బలే ఉండాయి. పిలకాయలకి రవ్వంత పులుసు పెట్టండి." చూడండి, చివరి వాక్యంలో "మీ" తీసేశాను, ఎదురుగా ఉన్నామెతో మాట్లాడుతుంటే అక్కర్లేదు. "రాండి" తర్వాత ఆగాలి, ఎందుకంటే ఆమె దగ్గరికి రావాలి కదా, వచ్చేదాకా గంగమ్మ మూత తీస్తుందో నీళ్లు చల్లుతుందో. "చూస్తుండారు"లో "చూ"ని "సూ" చెయ్యలేదు. చ ని స చేస్తే పల్లెటూరి మాట అయిపోతుందని చాలామంది అనుకుంటారు. మీ టేపులో ఆమె "సూ" అంటే పాపా "సూ" అనాలి, "చూ" అంటే "చూ". ఊహించి చెయ్యొద్దు, అంతే.

అన్ని మాటలూ మార్చాలనీ లేదు. హాల్లో వెనక వరసలో కూర్చునే తల్లిదండ్రుల్లో సగం మంది బయటి నుంచి వచ్చిన ఉద్యోగులే, మీలాగే. వాళ్లకు కథ అర్థం కావాలి. కథ మలుపు తిరిగే వాక్యం ఉంటుంది చూడండి, అక్కడ కొత్త మాట పెట్టొద్దు. రాగం యాసలో ఉంచి, మాట అందరిదీ వాడితే చాలు.

ఇప్పుడు పాట. దీని గురించి మీరు అడగలేదు, నాకు మాత్రం భయమంతా ఇక్కడే. మాట్లాడేటప్పుడు యాసను మోసేవి రెండు: ఒకటి సాగదీత, రెండోది గొంతు ఎత్తుపల్లాలు. పాటలో ఆ రెండూ మన చేతిలో ఉండవు. ఎంత సాగాలో తాళం చెబుతుంది, ఎక్కడ ఎత్తాలో రాగం చెబుతుంది. అందుకే ఎంత నెల్లూరోళ్లు పాడినా పాటలో నెల్లూరు సగం మాయమవుతుంది. మిగిలేవి మాటలు, వాటి అక్షరాలు. వాటిని మార్చితే మాత్రల లెక్క మారుతుంది (మాత్ర అంటే ఒక కురచ అక్షరం పలికేంత సేపు). ఇది చూసుకోకుండా రిహార్సల్‌కు పోతే హార్మోనియం ఒక దారి, పాప ఒక దారి.

మీ పాట నా దగ్గర లేదు కాబట్టి ఒక పల్లవి నేనే కడతాను. కొడుకు కోసం చూసే తల్లి: "ఎక్కడ ఉన్నాడమ్మా వాడూ, ఇంటికి రాలేదు." నాలుగేసి మాత్రల నడక. దీన్ని యాసలోకి తెస్తే: "యాడా ఉండాడమ్మా వాడూ, ఇంటికి రాలా." "ఎక్కడ" నాలుగు మాత్రలు, "యాడ" మూడే. అందుకే "యాడా" అని చివర సాగదీశాను, లెక్క సరిపోయింది. అదృష్టం ఏమిటంటే ఆ సాగదీత ఈ యాసకు సహజమే. "ఉన్నాడు", "ఉండాడు" రెండూ ఐదు మాత్రలే, కళ్లు మూసుకుని మార్చుకోవచ్చు. "రాలేదు" ఐదు, "రాలా" నాలుగు. ఇక్కడ ఆ "లా" మీద గొంతు నిలిపితే తాళం నిండుతుంది, తల్లి గుబులూ వినిపిస్తుంది. "ఏమిటి", "ఏంది" కూడా ఎక్కడ, యాడ లాగే. "ఏందీ" అంటే సరి.

ఇబ్బంది పెట్టేవి రెండు. "ఎలా"కు మూడు మాత్రలు, "ఎట్టా"కు నాలుగు. "పిల్లలు"కు నాలుగు, "పిలకాయలు"కు ఆరు. ఇవి పాటలో ఇరికిస్తే తర్వాతి మాట తాళం దాటిపోతుంది. అట్లాంటి చోట యాస వదిలేసి పాడమనండి. పాటలో "పిల్లలు" అని, పాట కాగానే డైలాగులో "పిలకాయలు" అంటే ఎవరూ పట్టుకోరు. తాళం తప్పితే మాత్రం అందరూ పట్టుకుంటారు. మ్యూజిక్ మాస్టారుకు ఈ మార్పులు ముందే చూపించండి, ఆడిషన్ రోజు ఆయన్ని ఆశ్చర్యపెట్టొద్దు.

పాటకు ముందొచ్చే రెండు వాక్యాలూ, పాట తర్వాతొచ్చే మొదటి వాక్యం, ఈ మూడింటి మీద ఎక్కువ కష్టపడాలి. మాట్లాడుతూ మాట్లాడుతూ పాటలోకి జారే చోట యాస నిలబడితే, పాటంతా యాసలోనే ఉందని చెవి నమ్మేస్తుంది. చాలామంది పిల్లలు పాట అయ్యాక మొదటి వాక్యంలో సొంత యాసలోకి పడిపోతారు. ఊపిరి అందక, తాళం నుంచి బయటపడ్డామన్న సంతోషంలో. ఆ ఒక్క వాక్యాన్ని మెట్లెక్కి దిగొచ్చి, ఆయాసంతో చెప్పించండి.

ఒక సంగతి టీచర్‌తో మీరే మాట్లాడాలి, పాప మాట్లాడలేదు. ఈ నాటకంలో ఇంకెవరెవరు యాసలో మాట్లాడుతున్నారు? గంగమ్మ, పాలేరు, తాగుబోతు యాసలో మాట్లాడి, ఊరి పెద్ద, టీచరమ్మ, డాక్టరు మాత్రం శుభ్రమైన పుస్తకం తెలుగు మాట్లాడుతున్నారా? వేదం వేంకటరాయ శాస్త్రి గారు 1897లో ప్రతాపరుద్రీయం రాసినప్పుడు చాకలి పేరిగాడికి వాడుక మాట పెట్టారు. పాత్రోచిత భాష అన్నారు. ఆ రోజుల్లో అది సాహసమే, నెల్లూరులో నాటక సమాజం పెట్టి ఆడించిన మనిషి ఆయన. కానీ ఆ పద్ధతిలో వాడుక మాట కింది పాత్రలకే, రాజుకూ మంత్రికీ గ్రాంథికం. నూట పాతికేళ్లు దాటినా మన స్కూలు నాటకాల్లో అదే నడుస్తోంది. నెల్లూరులో డాక్టర్లు నెల్లూరు యాసలో మాట్లాడరా? మా అన్నయ్య కొడుకు ఎండీ చేశాడు, రోగిని "ఏందబ్బా, మాత్రలు ఏసుకోలా?" అనే అంటాడు. ఊరి పెద్దకు కూడా నాలుగు "ఉండాడు"లు పెట్టమనండి. అప్పుడు గంగమ్మ యాస నవ్వు పుట్టించే వస్తువుగా కాకుండా ఆ ఊరి మాటగా వినిపిస్తుంది, పాపకూ బరువు తగ్గుతుంది. టీచర్ ఒప్పుకోకపోతే పోనీయండి, అడగడం వరకే మన పని.

మూడో వారం ఆడిషన్ సంగతులు. బట్టీ పట్టిన పేజీన్నర అయ్యాక చాలా చోట్ల కొత్త కాగితం చేతికిచ్చి "ఇది చదువు" అంటారు. యాస నిజంగా వచ్చిందో లేదో అక్కడ తేలుతుంది. అందుకని రోజూ పేపర్లో ఒక చిన్న వార్త తీసుకుని చూస్తూ చూస్తూ గంగమ్మ మాటలో చెప్పమనండి. "ముఖ్యమంత్రి రేపు జిల్లాకు వస్తున్నారు" అని ఉంటే "రేపు ముఖ్యమంత్రి వస్తుండాడంట" అని. వార్త చదవడం కాదు, పక్క గంపామెకు చెప్పడం. ఆ "అంట" వచ్చిందంటే పాప దారిలో పడినట్టే.

స్టేజీ ఎక్కే ముందు యాసలోకి దిగడానికి ఒక మెట్టు కావాలి. టేపులో ఆమె అన్న ఒక వాక్యం, ఏదైనా సరే, పాపకు బాగా పట్టుబడింది, పెదవుల్లో మూడుసార్లు అనుకుని అప్పుడు అడుగు వెయ్యమనండి. మధ్యలో ఎక్కడైనా "ఉన్నరు" అని జారితే వెనక్కి పోయి సరిదిద్దుకోవద్దు. సరిదిద్దుకుంటేనే తప్పు వినిపిస్తుంది. తర్వాతి "ఉండారు" గట్టిగా పడితే చాలు.

నవ్విన పిల్లల గురించి రాశారు. వాళ్లలో ఒకరిద్దరిని ఆదివారం ఇంటికి పిలిచి టిఫిన్ పెట్టి, పాప లైన్లు వాళ్ల చేత చదివించండి. "మా అమ్మాయికి రాలా, నువ్వు చెప్పు పాపా" అనండి. మీరూ "రాలా" అనే అనండి, మీ నోట అది ఎట్లా వస్తుందో వాళ్లు చూసి నవ్వుతారు, మీరూ నవ్వండి. ఆ తర్వాత వాళ్లే నేర్పుతారు. పద్నాలుగేళ్ల పిల్లలకు టీచర్ అవమంటే ఉన్నంత సరదా ఇంకొకటి లేదు.

చివర్లో ఇంకో మాట అడిగారు, ఇది నేర్చుకుంటే ఇంట్లో మా యాస పోతుందేమో, అమ్మమ్మ వాళ్లు బాధపడతారేమో అని. పోదమ్మా. ఇంట్లో మీరు మీ మాటే మాట్లాడండి, అమ్మమ్మకు ఫోన్ చేసినప్పుడు పాప చేత గంగమ్మ డైలాగు చెప్పించి, దానికి ఆమె ఏమంటుందో వినండి. బడిలో ఇంగ్లీషు, వీధిలో ఒక తెలుగు, ఇంట్లో ఒక తెలుగు మాట్లాడే పిల్లలకు ఇది నాలుగో చొక్కా, అంతే.

స్క్రిప్టులో ఎక్కడైనా ఏ మాట పెట్టాలో తోచక ఆగిపోతే ఆ వాక్యం ఇక్కడ రాయండి. గంగమ్మ ఎవరితో అంటోందో కూడా రాయండి. నాది కందుకూరు వైపు మాట. మైపాడు గంగమ్మ అయితే నాకన్నా మా పక్కింటామె నయం, ఆమె పుట్టిల్లు ఆ దగ్గరే. ఆమెను అడిగే చెబుతా.